వెన్నెల కాయించిన మార్కస్ బార్ట్లే

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగిన మిత్రులు నేను నా ఉద్యోగం గురించి రాస్తాననుకున్నారు. వీధిదీపాలు, ఫ్యాక్టరీ దీపాల లెక్కలు కట్టడమే ఇన్నేళ్లుగా నా పని. వెలుగు విషయంలో నేను గురువుగా తలచుకునేది మాత్రం ఒక సినిమా ఛాయాగ్రాహకుణ్ణి. 'మాయాబజార్' పదిసార్లు చూసినవాళ్లలో కూడా చాలామందికి మార్కస్ బార్ట్లే ఎవరో తెలియదు. అది నాకు బాధ.

1917లో పుట్టిన బార్ట్లే ఆంగ్లో ఇండియన్. తెలుగు ఆయన మాతృభాష కాదు. మొదట పత్రికా ఫొటోగ్రాఫరుగా, ఆ తర్వాత న్యూస్‌రీల్ కెమెరామన్‌గా పనిచేశారు. అక్కడ రెండో టేకు ఉండదు, జరిగేదాన్ని జరిగేటప్పుడే పట్టుకోవాలి. స్టూడియో పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెలుగునంతా తామే పుట్టించుకోవాలి. బి.ఎన్. రెడ్డి గారి 'స్వర్గసీమ' (1945)తో ఆయన పనితనం తెలుగువారు చూశారు. తర్వాత విజయావారి 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962).

నన్ను ఆపేసేది 'మాయాబజార్'లోని పడవ పాట. ఆ వెన్నెల చాలా భాగం స్టూడియోలో కాసిందే. చంద్రుడు ఒక్కడు, ఎంతో దూరాన ఉంటాడు. అందుకే నీడలన్నీ ఒకే వైపు పడతాయి. స్టూడియో దీపం దగ్గర్లో ఉంటుంది. పడవ కాస్త జరిగితే చాలు, ముఖం మీద వెలుగు మారిపోతుంది. నాలుగు దీపాలు పెడితే నాలుగు నీడలొచ్చి గుట్టు బయటపడుతుంది. పైగా ఆనాటి ఫిల్ముకు బోలెడు వెలుగు కావాలి, చూసేవాడికి మాత్రం రాత్రి అనిపించాలి. అంటే కిటుకు వెలుగు పరిమాణంలో లేదు, వెలుగుకూ నీడకూ ఉన్న నిష్పత్తిలో ఉంది. నలుపు తెలుపు సినిమా కాబట్టి నీలి రంగు సాయం కూడా లేదు. అంతా బూడిద ఛాయలతోనే నడపాలి.

2010లో ఈ సినిమాకు కంప్యూటరుతో రంగులద్దారు. మా పిల్లలు చూసింది ఆ ప్రతినే. ఘటోత్కచుడి నగలు ముచ్చటగానే ఉన్నాయి, కాదనను. కానీ పడవ పాటకు వచ్చేసరికి కన్ను రంగుల వెంట పోతుంది, వెన్నెల వెనక్కి తగ్గుతుంది. నాకు పాత ప్రతే ఇష్టం.

రంగుల్లో తీయడం ఆయనకు చేతకాక కాదు. మలయాళంలో రాము కరియాత్ తీసిన 'చెమ్మీన్' (1965)లో కేరళ తీరాన్ని రంగుల్లో పట్టింది ఈయనే. రాష్ట్రపతి స్వర్ణపతకం పొందిన సినిమా అది. ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ అవార్డు మాత్రం ఆయనకు తమిళ చిత్రం 'శాంతి నిలయం' (1969)కి వచ్చింది. మనవాళ్లు గర్వంగా చెప్పుకునే సినిమాలన్నీ తీసినవాడికి ఆ గౌరవం పక్క భాషలో దక్కింది!

1993లో బార్ట్లే కన్నుమూశారు. ఈసారి టీవీలో ఆ పడవ పాట వస్తే ఒక్క నిమిషం శబ్దం తగ్గించండి, ఘంటసాల గారు క్షమిస్తారు. సావిత్రి ముఖం మీద నీడ ఏ పక్కన పడుతోందో చూడండి.