కావ్యములలో ఊరిని వెదకిన చదువరి

పాతకావ్యము చదువుచుండగా తెలియని మాట ఒకటి అడ్డుపడును. నిఘంటువు తెరచి చూచినచో అది ఒక క్రీడావిశేషమనియో, భక్ష్యవిశేషమనియో, వస్త్రవిశేషమనియో వ్రాసియుండును. సామాన్యముగా చదువరి అంతటితో తృప్తిపడి ముందుకు సాగిపోవును. పద్యతాత్పర్యము చెప్పుటకు ఆపాటి అర్థము చాలును. పరీక్షలో మార్కులకును చాలును. అట్లు సాగిపోవుటకు మనసొప్పని చదువరి ఒకరు తెలంగాణమున ఉండినారు. ఆ ఆటను ఎందరు కూడి ఆడుదురు? గెలుపోటములు ఎట్లు తేలును? ఆ పిండివంటను ఏ పండుగకు వండుదురు? ఈ ప్రశ్నలకు జవాబు దొరకువరకు ఆ పద్యము తనకు అర్థమైనదని ఆయన తలచలేదు. ఆయనే సురవరము ప్రతాపరెడ్డిగారు.

గోలకొండ పత్రిక సంపాదకులుగా, ఆంధ్రమహాసభ ప్రథమాధ్యక్షులుగా లోకము వారిని ఎరుగును. ఈ పనులన్నింటికి వెనుక నిలిచిన బలము మాత్రము వారి చదువే. వారు ఏమి చదివినారో, ఎట్లు చదివినారో తెలిసికొన్నవారికి వారి జీవితము మరింత స్పష్టముగా కనిపించును.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న జన్మించినారు. వారి స్వగ్రామము గద్వాల సంస్థానములోని ఇటికలపాడు. బాల్యమున కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతకావ్యములు చదువుకొన్నారు. పిదప హైదరాబాదు నిజాం కళాశాలలోను, మదరాసులోను ఉన్నతవిద్య నభ్యసించి, బి.ఎ., బి.ఎల్. పట్టములు పొందినారు. కొంతకాలము న్యాయవాదవృత్తి సాగించినారు. తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషు, ఉర్దూ, ఫారసీ భాషలు వారికి వశమైనవి. ఇన్ని భాషలు నేర్చుట పాండిత్యప్రదర్శనమునకు కాదు. తెలుగువారి గతమును గూర్చిన సాక్ష్యము ఒక భాషలో లేదు; శాసనము ఒకచోట, తవారీఖు ఒకచోట, విదేశయాత్రికుని వ్రాత మరొకచోట పడియున్నవి. వానినన్నింటిని చదువగలవాడే వానిని కలిపి చూడగలడు.

ఆనాటి హైదరాబాదు రాజ్యమున తెలుగు పుస్తకమునకు స్థానము స్వల్పము. పాలన ఉర్దూలో, పై చదువులు ఉర్దూలో సాగుచుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినప్పుడు బోధనాభాషగా ఉర్దూయే నిలిచినది. తెలుగు బాలునకు తన భాషలోని పుస్తకము బడిలో దొరకుట అరుదు, గ్రంథాలయములో దొరకవలసినదే. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు తెలంగాణమున గ్రంథాలయస్థాపన కేవలము పుస్తకసేకరణముగా గాక ప్రజాకార్యముగా సాగుటకు కారణమిదియే. ప్రతాపరెడ్డిగారు రెడ్డి హాస్టలు బాధ్యతలు వహించిన కాలమున అక్కడ వేలకొలది గ్రంథములతో పుస్తకాలయమును పెంపొందించినారు. పల్లెలనుండి చదువుకై నగరమునకు వచ్చిన పిల్లలకు అది రెండవ బడి. తాను చదువుటతో తనివి తీరక, పుస్తకమును ఇంకొకరి చేత పెట్టినప్పుడే తన చదువు పూర్తియైనదని వారు భావించినట్లు ఈ కృషి తెలుపుచున్నది.

1925 మే 10న గోలకొండ పత్రిక వెలువడినది. కొంతకాలమునకు తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసినారు. ఆ మాట ప్రతాపరెడ్డిగారికి ములుకువలె నాటినది. వాగ్వాదమునకు దిగుట వారికి తెలియని విద్య కాదు. అయినను వారు ఎన్నుకొన్న మార్గము వేరు. పత్రికాముఖమున పిలుపునిచ్చి ఊరూర గల కవుల రచనలను రప్పించి, చదివి, కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించినారు. అందు 354 మంది కవులు కనిపించినారు. కోపమును గ్రంథముగా మార్చిన సందర్భములు మన సాహిత్యచరిత్రలో అరుదు.

నిజమునకు ఆ ఆక్షేపణకు సమాధానము ప్రాచీనకాలముననే ఉన్నది. ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోని భిక్కనూరు, దోమకొండ ప్రాంతము కామినేని వంశీయుల ఏలుబడిలో నుండినది. ఆ వంశమునకు చెందిన మల్లారెడ్డి పదునారవ శతాబ్దిలో షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము రచించిన కవి. కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలలో పుట్టి పెరిగిన బాలుడు తన ఊరికి కొలది ఆమడల దూరమున ఒక కావ్యకర్త ఉండెనని ఎరుగనిచో లోపము ఆ నేలది గాదు. చెప్పవలసినవారు చెప్పకపోవుటయే లోపము. ప్రతాపరెడ్డిగారు పోరాడినది ఈ మరపుతోనే.

వారి పఠనమునకు పరిపక్వఫలము 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల పుట్టుకలు, యుద్ధములు, వంశవృక్షములు చరిత్రగా చెలామణి యగుచున్న రోజులవి. ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టినారు, ఏ ఆటలాడినారు, ఏ పన్నులు చెల్లించినారు అని వారు ప్రశ్నించినారు. ఈ ప్రశ్నలకు కావలసిన సాక్ష్యము చాలవరకు కావ్యములలోనే వారికి దొరకినది. అందువలన వారి అభిరుచియు విలక్షణముగా రూపొందినది. చంద్రోదయ సూర్యాస్తమయ వర్ణనలతో, నాయికా విరహముతో నిండిన ప్రబంధము ఎంత ప్రౌఢమైనను వారి ఈ పనికి ఉపకరింపదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము, క్రీడాభిరామము, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి వంటివి వారికి నిధులు. పండితులు కొందరు శృంగారకథలని ప్రక్కకు నెట్టిన గ్రంథములలో వారు అంగడిని, ఇంటి సామగ్రిని, వృత్తిపనివారి పనిముట్లను చూచినారు.

క్రీడాభిరామమునే చూడుడు. ఓరుగల్లులో ఇద్దరు మిత్రులు వీథులవెంట తిరుగుట అందలి కథ. అందు పూటకూళ్లయింట ఒక రూకకు దొరకు భోజనము వర్ణితమైనది. సాహిత్యవిద్యార్థి ఆ పద్యములోని రుచిని మెచ్చుకొనును. సాంఘిక చరిత్రకారుడు ఆ రూకను పట్టుకొనును. పరదేశి కాకతిరాజధానికి వచ్చినచో వెలకు అన్నము దొరకెడిదని, ఆ అన్నములో ఇన్ని పదార్థములుండెడివని దానివలన తేలుచున్నది. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వేరువేరు వంటకములు వడ్డించును. అది భక్తిఘట్టమే; వేసవిలో ఏమి తినవలెనో, వానకాలమున ఏమి తినవలెనో ఎరిగిన ఒక సమాజపు వంటయిల్లు గూడ అదే. ఒక పద్యమును రెండు కన్నులతో చదువవచ్చునని ప్రతాపరెడ్డిగారు చూపినారు.

అయితే కవి చెప్పినదెల్ల సత్యమని ఆయన నమ్మలేదు. పురాణకథలో కవి తన కాలపు ఆచారమును చొప్పించును. ఒక్కొకచో పూర్వకవుల వర్ణనను యథాతథముగా అనుసరించును. ఏది అనుభవమో, ఏది సంప్రదాయమో తేల్చుటకు ఒక గ్రంథము చాలదు. అందుచేత ఒకే కాలపు కావ్యములను ప్రక్కప్రక్కన పెట్టుట, శాసనములతో పోల్చుట, విదేశయాత్రికుల వ్రాతలతో సరిచూచుట వారి పద్ధతి. న్యాయవాది సాక్షులను విచారించినట్లు వారు గ్రంథములను విచారించినారు.

నిఘంటువు మూగవోయిన చోట వారు మనుష్యులను ఆశ్రయించినారు. పండితునకు అంతుచిక్కని మాట కాపుకు, సాలెవానికి, వృద్ధురాలికి తెలిసియుండవచ్చును. ఒక సీమలో మరుగైనది మరొక సీమలో వాడుకలో నుండవచ్చును. ఈ వెదకులాటలో ఒక ఆతురత కనిపించును. మాట తెలిసిన ముదుసలి గతించినచో ఆ పద్యము ఎప్పటికిని మూయబడిన తలుపే. ఏ గ్రంథాలయమును ఆ తాళపుచెవిని తిరిగి ఇయ్యజాలదు. ఎంత వెదకినను అర్థము తేలని పదములను తేలలేదనియే ఒప్పుకొని పాఠకుల యెదుట ఉంచుట వారి నిజాయితీకి గుర్తు.

1952లో వారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. 1953 ఆగస్టు 25న కన్నుమూసినారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు మొట్టమొదటి పురస్కారమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించినది. ఆ గౌరవమును చూచుటకు గ్రంథకర్త లేరు.

వారు విడిచిన పని మాత్రము ఇంకను ఉన్నది. ఉపాధ్యాయులు పద్యము చెప్పునపుడు అందలి ఒక ఆట పేరునో, పనిముట్టు పేరునో పిల్లలచేత వ్రాయించి, ఇంటిలోని అవ్వతాతలను అడిగి రమ్మనుట కష్టమైన పని గాదు. కామారెడ్డి సంతలోను, ఎల్లారెడ్డి చుట్టుపట్ల పల్లెలలోను నిఘంటువున కెక్కని మాటలు నేటికిని వినబడుచునే యున్నవి. పది మాటలకు రెండింటి అర్థము దొరకినను, రెండు పద్యములు తెరచుకొన్నట్లే.