పన్ను కట్టనన్న పంతులమ్మ

ఆఫ్రికా అనగానే మనలో చాలామందికి గాంధీగారి దక్షిణాఫ్రికా, మండేలా జైలు జీవితం గుర్తొస్తాయి. పశ్చిమాన నైజీరియా అనే దేశంలో ఒక పంతులమ్మ సంతలో అమ్ముకునే ఆడవాళ్లను కూడగట్టి, ఒక రాజు గద్దె దిగేలా చేసిందన్న సంగతి నాకు బి.యస్సి.లో చేరేదాకా తెలియదు. నాబోటివాళ్లు ఇంకా ఉంటారన్న ధైర్యంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆవిడ పేరు ఫున్మిలాయో రాన్సమ్ కుటి. యొరుబా జాతి స్త్రీ. 1900 అక్టోబరు 25న అబెయోకుట పట్టణంలో పుట్టింది. తండ్రి వైపు పెద్దలు బానిసత్వం చవిచూసి, సియెర్రా లియోన్ మీదుగా సొంత గడ్డకు తిరిగొచ్చినవాళ్లు. అంతవరకూ మగపిల్లలకే పరిమితమైన అబెయోకుట గ్రామర్ స్కూలులో 1914లో చేరిన మొదటి ఆడపిల్ల ఈమే. 1919లో పైచదువుకు ఇంగ్లండు వెళ్లింది. 1922లో తిరిగి వచ్చేసరికి ఫ్రాన్సెస్ అబిగైల్ అన్న బాప్తిస్మపు పేర్లు వదిలేసి ఫున్మిలాయోగానే మిగిలింది. సీమకు పోయి దొరసాని అయి వచ్చేవాళ్లనే మనం చూశాం గాని, ఈమె కథ తిరగబడింది! 1925లో ఇజ్రాయెల్ రాన్సమ్ కుటి అనే ఉపాధ్యాయుణ్ణి పెళ్లాడింది. నైజీరియా ఉపాధ్యాయ సంఘానికి ఆయనే మొదటి అధ్యక్షుడు.

మొదట్లో ఆమె నడిపింది చదువుకున్న ఇంటి ఆడవాళ్ల క్లబ్బు. కుట్లు, అల్లికలు, మర్యాదలు అక్కడి వ్యవహారం. 1940ల్లో సంతలో అమ్ముకునే స్త్రీలకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాక అసలు లోకం కళ్లబడింది. అక్షరాలతోపాటు వాళ్ల గోడు కూడా బడికి వచ్చింది. యుద్ధకాలంలో వాళ్లు అమ్మకానికి తెచ్చిన బియ్యాన్ని అధికారుల మనుషులు లాక్కునేవారు. ఆపైన పన్ను. ఆడపిల్లకు పదిహేనేళ్లు వస్తే చాలు, ఆదాయం ఉన్నా లేకున్నా తలకింత అని కట్టాలి. వయసు తేల్చుకోవడానికి పిల్లల ఒంటిమీది బట్టలు తీయించేవారన్న ఫిర్యాదులు కూడా ఉన్నాయి. బ్రిటిషువారు నేరుగా కాక, అలాకే అనే స్థానిక రాజు చేత ఈ పన్ను వసూలు చేయించేవారు. రాజుగారి కౌన్సిల్లో ఒక్క ఆడమనిషి లేదు.

మాది సేద్యం మీద బతికే ఇల్లు. సంతలో బుట్ట దించీ దించకముందే ఆశీలువాడు చేయి చాపుతాడు. సరుకు అమ్ముడుపోయిందా, ఎండకు వడిలిపోయిందా అని వాడికి పట్టదు. అందుకే అబెయోకుట ఆడవాళ్ల కోపం నాకు పుస్తకం వల్ల తెలియవలసింది కాదు.

1946లో క్లబ్బు మహిళా సంఘంగా మారింది. సంతలోని స్త్రీలు వేలాదిగా చేరారు. ఫున్మిలాయో గౌన్లు మానేసి వాళ్లలాగే నేతబట్ట చుట్టుకుంది. సభల్లో యొరుబాలోనే మాట్లాడింది. పన్ను కట్టనని మొరాయించి కోర్టుకెక్కింది. ఊరేగింపులకు అనుమతి ఇవ్వకపోతే వాటికి వనభోజనాలని పేరు పెట్టింది! బాష్పవాయువు ప్రయోగిస్తే ఎలా కాచుకోవాలో కూడా ఆడవాళ్లకు నేర్పింది. 1947 చివర్లో సుమారు 10,000 మంది రాజభవనం ముందు బైఠాయించి, రాజును ఎత్తిపొడుస్తూ పాటలు కట్టి పాడారు. చివరికి 1949 జనవరిలో అలాకే గద్దె దిగి ఊరు విడిచిపోయాడు. స్త్రీల పన్ను నిలిచిపోయింది. కౌన్సిల్లో ఆడవాళ్లకు చోటు దొరికింది. 1950 చివర్లో ఆ రాజు తిరిగొచ్చిన మాటా నిజమే. పోరాటం ఒక్కసారితో తీరేది కాదన్నమాట.

రాజకీయాల్లో ఆమెకు అంత కలిసిరాలేదు. 1947లో ఎన్‌.సి.ఎన్‌.సి. పార్టీ తరఫున లండన్ వెళ్లిన బృందంలో ఏకైక స్త్రీ ఆమె. అదే పార్టీ 1959 ఎన్నికల్లో ఆమెకు టిక్కెట్టు నిరాకరించింది. స్వతంత్రంగా నిలబడి ఓడిపోయింది. సొంతంగా పార్టీ పెట్టినా నిలదొక్కుకోలేదు. కమ్యూనిస్టు అన్న అనుమానంతో 1957లో ప్రభుత్వం పాస్‌పోర్టు పునరుద్ధరించలేదు. 1970లో లెనిన్ శాంతి బహుమతి వచ్చింది. ఉత్తర నైజీరియా స్త్రీలకు ఓటు హక్కు 1970ల్లో గాని రాలేదు. దానికోసం ఆమె ఎన్నో ఏళ్ల ముందు నుంచే గొంతెత్తింది.

ఆఖరి ఘట్టం ఘోరమైనది. కొడుకు ఫెలా పేరుమోసిన గాయకుడు, సైనిక పాలకులకు కంట్లో నలుసు. 1977 ఫిబ్రవరి 18న లాగోస్‌లోని అతని ఇంటిమీద వందలాది సైనికులు పడి, ఇల్లు తగలబెట్టారు. ఆ ముసలితల్లిని పైఅంతస్తు కిటికీలోంచి కిందికి విసిరేశారు. ఆమె మళ్లీ కోలుకోలేదు. 1978 ఏప్రిల్ 13న కన్నుమూసింది. విచారణ సంఘం ఆ పని చేసింది ఎవరో తెలియని సైనికుడని తేల్చి చేతులు దులుపుకుంది. 1979లో ఫెలా ఒక శవపేటికను మోయించి తీసుకుపోయి సైనిక పాలకుల గుమ్మం ముందు పెట్టి వచ్చాడు.

ఎన్నికల్లో గెలిచి పార్లమెంటులో కూర్చునే యోగం ఆమెకు పట్టలేదు. ఆ లెక్కన ఆవిడ ఓడినట్టేనా? నాకలా తోచదు. డిగ్రీ చేతికొచ్చాక మనలో చాలామందిమి సంతకు పోవడమే నామోషీ అనుకుంటాం. ఆమె చదువు ముగించుకుని, సంతలోకే నడిచి, అక్కడివాళ్లు చెప్పింది విని, వాళ్ల బాధకు కారణం ఏ కాగితంలో ఉందో వెతికి చూపింది. సోదర విద్యార్థులారా, చదువుకు ఇంతకన్నా మంచి ఉపయోగం ఉంటే చెప్పండి, వింటాను.