క్లెమెన్స్ పిర్కే

మందు రోగిని రక్షించునని లోకులెల్లరు ఎఱుగుదురు. కాని రోగిని రక్షించిన మందే పది దినములు గడచిన పిదప వానిని జ్వరముతోను, దద్దురులతోను పీడించినచో, దానికి కారణమేమి? దోషము మందుదా? రోగముదా? లేక రోగి శరీరముదేనా? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొని వైద్యశాస్త్రమునకు క్రొత్త మార్గమును చూపిన మహనీయుడు క్లెమెన్స్ పిర్కే. నేడు మనము తఱచుగ వాడుచున్న అలర్జీ అను పదము ఆయన కల్పించినదే.

పిర్కే 1874వ సంవత్సరము మే 12వ తేదీన ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా చెంత హిర్ష్‌స్టెటెన్ అనుచోట సంపన్నమైన ప్రభుకుటుంబమున జన్మించెను. ఆయన తొలుత మతధర్మశాస్త్రమును, పిమ్మట తత్త్వశాస్త్రమును అభ్యసించెను. కాని ఆయన మనస్సు అందు నిలువలేదు. వ్యాధిగ్రస్తుల సేవయే తన ధర్మమని తలంచి వైద్యవిద్యలో ప్రవేశించి, 1900లో గ్రాట్స్ విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. పిదప వియన్నా నగరమునకు వచ్చి, ప్రసిద్ధ శిశువైద్యుడైన ఎషెరిష్ పండితుని యొద్ద బాలల ఆసుపత్రిలో పనికి కుదిరెను.

ఆ కాలమున కంఠసర్పి పసిబిడ్డల పాలిట మృత్యువై యుండెను. గొంతులో పొర యేర్పడి, ఊపిరి సలుపక ఎందఱో బిడ్డలు తల్లుల యొడిలోనే ప్రాణములు విడుచుచుండిరి. ధనుర్వాతమునకును, కంఠసర్పికిని విఱుగుడు ప్రాణి రక్తమందే పుట్టునని 1890లో జర్మనీ శాస్త్రజ్ఞుడగు బేరింగ్, జపాను దేశీయుడగు కిటసాటో నిరూపించిరి. ఆ విఱుగుడును విస్తారముగ పొందుటకు గుఱ్ఱము మిక్కిలి అనువైన జంతువని తేలెను. రోగవిషమును మొదట అత్యల్పముగ గుఱ్ఱమునకు ఎక్కించి, క్రమక్రమముగ మోతాదును పెంచుదురు. గుఱ్ఱము దానిని తాళుకొని, ఆ విషమును విఱుచు ప్రతిరక్షకములను తన రక్తమున తయారుచేసికొనును. పిదప దాని మెడ రక్తనాళము నుండి కొంత రక్తమును తీసి, అది గడ్డకట్టిన మీదట పైకి తేలిన పసుపువన్నె ద్రవమును వేఱుపఱతురు. దీనిని రక్తరసి యందురు. ఈ రక్తరసి వలన వేలకొలది బిడ్డలు బ్రతికి బయటపడిరి.

ఐనను ఈ సంజీవనికిని ఒక చిక్కు కలదని పిర్కే కనిపెట్టెను. రక్తరసి పుచ్చుకొన్న బిడ్డలలో కొందఱికి ఎనిమిది మొదలు పండ్రెండు దినములకు జ్వరము వచ్చెడిది. ఒడలెల్ల దద్దురులు లేచి, ముఖము ఉబ్బి, కీళ్ళు నొప్పిపుట్టెడివి. అదే బిడ్డకు కొంతకాలము తర్వాత రెండవసారి గుఱ్ఱపు రక్తరసి ఎక్కించినచో, ఆ లక్షణములు అన్ని దినములు ఆగక కొన్ని గంటలలోనే, ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషములలోనే కనవచ్చెడివి. పిర్కే తన సహచరుడగు బేలా షిక్ అను యువవైద్యునితో కలిసి ప్రతి బిడ్డ మంచము కడను నిలిచి, ఏ దినమున ఏ లక్షణము పుట్టినదో శ్రద్ధతో వ్రాసికొనెను.

అంటువ్యాధి సోకిన వెంటనే పైకి కనబడకుండుటకు, క్రిములు వృద్ధియగుటకు కొంత కాలము పట్టుటయే కారణమని ఆనాటి వైద్యుల తలంపు. పిర్కే మఱియొక విధముగ ఆలోచించెను. రక్తరసిలో వృద్ధిపొందు క్రిములు లేవు. అట్లయినచో ఈ పది దినముల జాగు దేనికి? ఆ కాలము క్రిములది కాదు, శరీరముది. పరాయి వస్తువు లోపలికి వచ్చినపుడు దానిని ఎదిరించు ప్రతిరక్షకములను తయారుచేయుటకు శరీరమునకు అన్ని దినములు కావలెను. అవి తయారై పరాయి వస్తువుతో తలపడినపుడు ఆ పోరాటము వలననే జ్వరమును, వాపును కలుగుచున్నవి. రెండవసారి ఆయుధములు సిద్ధముగ నుండుటచే పోరు వెంటనే మొదలగును. కోటను కాపాడవలసిన సైన్యమే తొందరపాటున కోటగోడలను పడగొట్టినట్లు, మనలను రక్షించు శక్తియే ఒక్కొక్కప్పుడు మనకు బాధ కలిగించును.

ప్రతిరక్షకములు మేలే చేయునని అందఱును నమ్మియున్న కాలమున ఇది సాహసమైన మాట. పిర్కే 1903లోనే తన భావమును వ్రాసి, ముద్రవేసిన లకోటాలో వియన్నా శాస్త్రపరిషత్తునకు సమర్పించెను. కాని తగిన నిదర్శనములు చేకూరువఱకు తొందరపడలేదు. 1905లో షిక్‌తో కలిసి రక్తరసి వ్యాధిని గూర్చి గ్రంథమును ప్రకటించెను. మఱుసటి సంవత్సరము, ఒకసారి పరాయి వస్తువును ఎఱిగిన శరీరము రెండవసారి మాఱిన తీరున ప్రవర్తించుటకు అలర్జీ అని పేరిడెను.

ఈ నియమము మనుష్యులకే పరిమితము కాదు. రక్తరసినిచ్చు గుఱ్ఱమును సయితము అది విడువదు. గుఱ్ఱములలోను పలు రక్తవర్గములు కలవు. ఒక గుఱ్ఱమునకు మఱియొక దాని రక్తమును తొలిసారి ఎక్కించినపుడు సాధారణముగ పెద్ద బాధ కలుగదు. కాని కొన్ని దినములు గడచిన పిదప అదే రక్తమును తిరిగి ఎక్కించినచో, ఈలోపల పుట్టిన ప్రతిరక్షకములు ఆ ఎఱ్ఱకణములను ఛేదించి ప్రాణాపాయము తేగలవు. కొన్ని ఆడుగుఱ్ఱములు పిల్ల తండ్రి వలన పొందిన రక్తవర్గమునకు విరోధమైన ప్రతిరక్షకములను కలిగియుండును. అవి ముర్రుపాల ద్వారా పిల్ల యొడలిలో చేరి దాని రక్తమును నశింపజేయును. అట్టి పిల్లకు పశువైద్యులు తల్లి ముర్రుపాలు మాన్పించి, వేఱొక గుఱ్ఱపు పాలు పట్టింతురు. అమృతమువంటి తల్లిపాలు కూడ ఒక్కొక్కచో అపాయకరమగుట ఎంత వింత!

పిర్కే తన సూత్రమును క్షయవ్యాధికిని అన్వయించెను. క్షయక్రిముల నుండి తీసిన ట్యుబర్కులిన్ అను ద్రవమును కాక్ పండితుడు 1890లో మందుగ ప్రకటింపగా, అది రోగమును కుదుర్చజాలక అపఖ్యాతి పాలయ్యెను. దానినే పిర్కే పరీక్షకు వాడెను. ముంజేతిపై ఒక చుక్క వేసి, చర్మమును కొద్దిగ గీరినచో, క్షయక్రిములను మునుపే ఎఱిగిన శరీరము ఒకటి రెండు దినములలో అచ్చట ఎఱ్ఱని పొక్కును లేవనెత్తును. 1907లో ఆయన ఈ పరీక్షను లోకమునకు తెలిపెను. క్రిములు సోకిన బిడ్డలందఱును రోగులు కారనియు, సోకుట వేఱు, రోగము వేఱు అనియు దీనివలన స్పష్టమయ్యెను.

ఆయన కీర్తి దేశాంతరములకు వ్యాపించెను. 1909లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1911లో వియన్నాకు తిరిగి వచ్చి తన గురువు పీఠమును అధిష్ఠించెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఆస్ట్రియాలో కఱవు తాండవించుచుండగా, అమెరికావారు పంపిన ఆహారమును బాలబాలికలకు పంచు మహాకార్యమును ఆయన నడపెను. పాలను కొలతగ నెంచి, ఏ బిడ్డకు ఎంత ఆహారము అవసరమో లెక్కించి, అన్నము లేక కృశించిన పసివారిని ఆదుకొనెను. 1929 ఫిబ్రవరి 28వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

ఆయన చూపిన వెలుగు మన రాయలసీమకును ప్రసరించినది. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసెను. డేనిష్ వైద్యుడగు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. 1950 మొదలు ఆ పరిసర గ్రామములలో బి.సి.జి. టీకా ఎంతవఱకు క్షయను నివారించునో కనుగొనుటకు పరిశోధన జరిగినపుడు, జనులకు ట్యుబర్కులిన్ పరీక్ష జరిపిరి. గీరుటకు మాఱుగ సూదితో చర్మములోనికి ఎక్కించు పద్ధతి అప్పటికి వచ్చినను, దాని మూలసూత్రము పిర్కేదే.

గుఱ్ఱపు రక్తముతో మనకు గల బంధము నేటికిని తీఱలేదు. పుంగనూరు, కుప్పము ప్రాంతముల చేలలో పనిచేయు రైతును నాగుపామో, రక్తపింజరయో కఱచినచో, ఆసుపత్రిలో ఎక్కించు విఱుగుడు మందు గుఱ్ఱపు రక్తము నుండి తీసినదే. అందుచేతనే వైద్యులు మందు ఎక్కించుచున్నంతసేపు రోగిని కనిపెట్టియుందురు. ఇంటికి పోయిన పిదప వారము పది దినములలో జ్వరమో, దద్దురులో, కీళ్ళనొప్పులో కలిగినచో వెంటనే తిరిగి రావలెను. ఆ దినముల లెక్క వియన్నాలో బిడ్డల మంచముల కడ నిలిచి పిర్కే వ్రాసికొన్న లెక్కయే.

పిర్కే కొత్త మందును కనిపెట్టలేదు. అందఱును చూచుచున్న దానినే శ్రద్ధతో చూచెను. అందఱును నమ్మిన దానిని నిర్భయముగ పరీక్షించెను. మేలుచేయు వస్తువునందు కూడ కీడును గుర్తించి, ఆ కీడును తొలగించి మేలును నిలుపుకొను ఉపాయమును లోకమునకు నేర్పెను. ఇట్టి సూక్ష్మదృష్టియే విజ్ఞానమునకు మూలము.