సవరలకు శిష్యుడైన గురువు

శ్రీకాకుళపు సీమలో వంశధారానదీ తీరమున శ్రీముఖలింగ క్షేత్రము కలదు. ఆ సమీపమున పర్వతాలపేట యను చిన్న గ్రామమున 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తి జన్మించెను. తండ్రి వీరరాజుగారు చిన్న యుద్యోగి. బాలునకు పండ్రెండేండ్ల ప్రాయమున, 1875లో, ఆయన మరణించెను. రామమూర్తి విశాఖపట్టణమున మేనమామ యింట నుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థుడయ్యెను. మరుసటి యేడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదిరెను.

సంసారభారము మోయుచునే పంతులుగారు స్వయముగా చదివి బి.ఏ. పట్టము నందిరి. ముఖలింగ దేవాలయమున ప్రాచీన శాసనములు పెక్కు కలవు. వానిని చదువుట నేర్పు గురువు లేకున్నను పంతులుగారు పుస్తకముల సాయమున ఆ పాత లిపులను తామే నేర్చుకొనిరి. తెలియని దానిని విడిచిపెట్టుట వారి స్వభావము కాదు.

పర్లాకిమిడి నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో నుండెను. నేడది ఒడిశా రాష్ట్రములోనిది. ఆ పట్టణమునకు చుట్టును కొండలు; ఆ కొండలయందు సవరల గూడెములు. సవరలు మిక్కిలి ప్రాచీనులైన జనులు. కొండవాలున రాళ్లు పేర్చి గట్లు కట్టి, మెట్లుమెట్లుగా మడులు దిద్ది, వాగునీటిని వానికి మళ్లించుటలో వారు నేర్పరులు. అయినను సంతకు దిగి వచ్చిన సవరను పట్టణవాసులు మోటువానిగా చూచెడివారు. వాని మాట వర్తకునకు తెలియదు. వర్తకుని లెక్క వానికి తెలియదు. కచేరీలో వాని మొర దొరలకు చేరవలెనన్న నడుమ దుబాసీ యుండవలెను. ఆ దుబాసీ యేమి చెప్పిన అదియే వాని మొర యగును.

పంతులుగారు దీనిని కనులార చూచిరి. వారి భాష మనకు రాకపోవుటయే యీ యన్యాయమునకు మూలమని గ్రహించిరి. ఈ పని చేయుమని వారిని నియమించినవారు లేరు. చేసినందుకు జీతమును లేదు. పాఠశాలలో తమ కొలువు తాము చేసికొనుచునే వారీ భారమును తలకెత్తుకొనిరి.

సవరభాష నేర్చుట సులభము కాదు. ఆనాడు దానికి వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. అది ద్రావిడ భాషయు కాదు, సంస్కృత సంబంధము గలదియు కాదు. ముండా భాషల కుటుంబమునకు చెందినది. కావున తెలుగు పాండిత్యముగాని, సంస్కృత పాండిత్యముగాని అచట అక్కరకు రావు. పంతులుగారు తెలుగును సవరయు తెలిసిన మనుష్యు నొకనిని తమ యింటనే యుంచుకొని, వాని నోటివెంట ఒక్కొక్క మాట నేర్చిరి. గొంతులో ఆపి పలుకవలసిన ధ్వనులు ఆ భాషలో కలవు. వినుటలో లేశము ఏమరినను అర్థము మారిపోవును. బడిలో వందలమందికి పాఠము చెప్పు పండితుడు చదువురాని వానియెదుట శిష్యుడై కూర్చుండెను.

అంతటితో వారు తనియలేదు; కొండలెక్కి గూడెములకు పోయిరి. సవరలకు నాడు గ్రంథములు లేవు. పెద్దల నోరే వారి గ్రంథము. ఏ వానకు ఏ విత్తు వేయవలెను, ఏ రోగమునకు ఏ మూలిక వాడవలెను, చనిపోయిన పెద్దల నెట్లు తలచుకొనవలెను అను సంగతులన్నియు ముసలివారి మాటలలోను, పాటలలోను, కథలలోను నిలిచియుండెను. ముసలివాడు మరణించినచో ఆ పుస్తకము మూతపడినట్లే. పంతులుగారు వారి పాటలను, కథలను సేకరించి వ్రాసికొనిరి. వారి కుమారుడు సీతాపతిగారును ఈ కార్యమున తండ్రికి కుడిభుజమై నిలిచిరి.

తాము నేర్చినది తమయొద్దనే దాచుకొనుట పంతులుగారికి సమ్మతము కాదు. వారు సవర పిల్లలకు వాచకములను, కథల పుస్తకములను ఆ భాషలోనే వ్రాసిరి. సొంత ధనముతో బడులు పెట్టించి, అధ్యాపకులకు తామే జీతములిచ్చిరి. తెలియని భాషలో బోధించిన చదువు చెవిటివాని ముందు శంఖమూదినట్లగునని వారు నమ్మిరి. సవర బాలుడు మొదట తన తల్లి మాటలోనే అక్షరములు దిద్దవలెననుట వారి పట్టుదల.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. ఆ కొండలు మలేరియా జ్వరమునకు పుట్టిండ్లు. పంతులుగారిని జ్వరము పలుమారులు పట్టుకొనెను. దానికి నాటి మందు క్వినైను. దానిని మిక్కుటముగా పుచ్చుకొనుటచేత వారికి వినికిడి పోయెను. మాటమాటను చెవితో పట్టి భాష నేర్చిన మహనీయునకు చెవులే లేకుండపోయెను! మరియొకడైనచో పుస్తకములు మూసి యింట కూర్చుండెడివాడు. పంతులుగారు పని విడువలేదు.

ముప్పదియేండ్లు ఉపాధ్యాయత్వము నెరపి 1911లో విరమించిన తరువాత వారికి మరింత తీరిక చిక్కెను. వారి సవరభాషా వ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వము అచ్చువేయించెను. 1934లో వారికి కైసర్-ఇ-హింద్ పతకము లభించెను. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను.

జనులు పలుకు పలుకునే భాషకు ప్రమాణమని పంతులుగారు తెలుగు విషయమునను వాదించిరి. పిల్లలు పాఠములు వ్రాయుటకు శిష్టులు మాటలాడు తెలుగే తగినదని ఊరూర ఉపన్యసించిరి. 1919లో తెలుగు అను పత్రికను నడపిరి. పండితులు పలువురు వారి నెదిరించిరి. వారు వెనుదీయలేదు. నేడు మన వార్తాపత్రికలును, పాఠ్యపుస్తకములును వ్యవహారభాషలో నుండుటకు వారి కృషి ముఖ్యకారణము.

1936లో ఒడిశా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, పంతులుగారు దశాబ్దముల తరబడి నివసించిన యూరును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పరమపదించిరి. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని మనము తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

బాలబాలికలారా! మీరును ఒకనాడు సేవకొరకు పల్లెలకు పోవుదురు. రోడ్డు వేయుటకో, వయోజనులకు చదువు చెప్పుటకో పోవుదురు. అచట రచ్చబండపై కూర్చున్న తాతకు సంతకము చేయుట రాకపోవచ్చును. కాని మబ్బును చూచి వాన చెప్పుట, మట్టిని పట్టి పంట చెప్పుట ఆయనకు తెలియును. ఆయనకు మీరు అక్షరములు నేర్పుడు. ఆయన చెప్పునది శ్రద్ధగా వినుడు. ఇచ్చుటకు పోయినవాడు పుచ్చుకొనుటకును సిద్ధముగా నుండవలెను. రామమూర్తి పంతులుగారు సవరలకు గురువగుటకు ముందు సవరలకు శిష్యులైరి. వారి సేవ నిలిచి ఫలించుటకు అదియే కారణము.