ఇల్లు చేరని పరవాసి
వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ (1880–1937)

భిలాయి పట్టణమందలి క్యాంప్ 2లో తెలుగు పరాయి భాష కాదు. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వములు చేసికొనిన ఒప్పందముతో అక్కడ ఉక్కు కర్మాగారము లేచెను. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగెను. పని వెదకుకొనుచు వచ్చినవారిలో తెలుగు కుటుంబములు అనేకములు. నాటి శ్రామికుల శిబిరము పోయినను క్యాంప్ అను పేరు మాత్రము నిలిచిపోయెను. ఊరు విడిచిన బాధ ఆ కుటుంబములకు తెలియును. అయినను పెండ్లికో పండుగకో వారు రైలెక్కి సొంత ఊరికి పోగలరు. ఎక్కుటకు అట్టి రైలే లేనివాని కథ వేరు. ఆ కర్మాగారమునకు చేయూతనిచ్చిన దేశమందే, ఒప్పందమునకు 18 యేండ్ల ముందు, హైదరాబాదులో పుట్టిన ఒక విద్వాంసుడు తన ప్రవాసమును ప్రాణముతో కూడ ముగించెను.

ఆయన పేరు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. స్నేహితులకు చటో. తండ్రి అఘోరనాథ్ ఎడింబరోలో డాక్టరు పట్టము పొందిన శాస్త్రజ్ఞుడు. నిజాము కళాశాలకు పునాది వేసినవాడు. అక్క సరోజినీ నాయుడును ఎరుగని తెలుగువారు లేరు. బహిష్కారము ఆ యింటికి ముందే పరిచయము. 1883లో చాందా రైలుమార్గపు ఒప్పందమును ప్రశ్నించినందుకు అఘోరనాథ్‌ను నిజాము ప్రభుత్వము రాజ్యమునుండి వెళ్ళగొట్టెను. అప్పటికి వీరేంద్రునికి మూడేండ్లయినను నిండలేదు. కొంతకాలమునకు తండ్రిని తిరిగి పిలిచిరి. కుమారుని పిలిచినవారు లేరు.

1902లో ఆయన ఐ.సి.ఎస్. పరీక్షకు చదువుటకై ఇంగ్లండు వెళ్ళెను. పాలకుల కొలువునకు సిద్ధపడ వచ్చినవాడు పాలననే ప్రశ్నింప మొదలుపెట్టెను. లండనులో శ్యామ్‌జీ కృష్ణవర్మ నడిపిన ఇండియా హౌస్‌కు చేరువయ్యెను. 1909లో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపిన పిమ్మట, ఆయన సావర్కరు పక్షమున పత్రికకు లేఖ వ్రాసెను. ఆ సంవత్సరమే మిడిల్ టెంపుల్ న్యాయవిద్యాలయము ఆయనను తొలగించెను. 1910లో పారిస్‌కు తప్పించుకొనిపోయెను. అప్పటినుండి బ్రిటిషు ఏలుబడిలోనున్న ఏ నేలయు ఆయనకు క్షేమము కాదు. స్వదేశమంతయు ఆ ఏలుబడిలోనిదే గదా.

1914లో ఆయన జర్మనీలోని హాలె నగరమున భాషాశాస్త్ర విద్యార్థి. యుద్ధము రాగానే పుస్తకములు మూసి, జర్మను విదేశాంగ శాఖ అండతో బెర్లినులో ఏర్పడిన భారతీయ సంఘమునకు నాయకులలో ఒకడయ్యెను. ఇక్కడ ఆయన చేసినదంతయు సమర్థింప నవసరము లేదు. ఒక సామ్రాజ్యమును కూల్చుటకు వేరొక సామ్రాజ్యము చేయిపట్టెను. కైజరుకు భారతదేశ స్వేచ్ఛతో ఏమి పని? అయినను తలుపులన్నియు మూయబడినవాడు తెరిచియున్న తలుపు ఎవరిదని ఎంతసేపు విచారింపగలడు? బ్రిటిషు గూఢచారులు స్విట్జర్లండులో ఆయనపై వల పన్నిరి. గూఢచారిగా పనిచేసిన ఆంగ్ల రచయిత సోమర్సెట్ మామ్ తరువాత ఒక కథలో ఆయనను పోలిన పాత్రను చిత్రించెను. 1917లో స్టాక్‌హోము చేరి, యుద్ధానంతరము మరల బెర్లినుకు వచ్చెను.

దేశము మారినప్పుడెల్ల ఆయన నాలుక మారవలసి వచ్చెను. హైదరాబాదు బాల్యము ఆయనకు తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళము, పారశీకము ఇచ్చెను. బెంగాలీ ఇంటి భాష. ప్రవాసము ఫ్రెంచి, ఇటాలియను, జర్మను, డచ్చి, రష్యను, స్కాండినేవియా భాషలను చేర్చెను. ఇన్ని భాషలు వచ్చినవానిని చూచి అసూయపడుట సులభము. కాని పరవాసికి క్రొత్త భాష అలంకారము కాదు. రొట్టె అడుగుటకును, పోలీసువానికి బదులు చెప్పుటకును కావలెను. బబులోను నదుల యొద్ద కూర్చున్నవారు ఆ దేశపు భాషను ఏ హృదయముతో నేర్చిరో ఊహింపవచ్చును.

1920 దశకమున అమెరికా రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ కొన్నేండ్లు ఆయన జీవిత సహచరి. 1927లో బ్రస్సెల్సునందు సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి ఏర్పడగా, దాని కార్యదర్శులలో ఒకడై ఆయన శ్రమించెను. జవాహర్‌లాల్ నెహ్రూ ఆయనను అప్పుడెరుగును. చిరిగిన దుస్తులు, ఒక పూట భోజనమునకు ఇబ్బంది, అయినను తరగని హాస్యము: నెహ్రూ తన ఆత్మకథలో చిత్రించిన చటో ఇతడే. స్వదేశముపై బెంగ అప్పుడప్పుడు ఆయనను పట్టుకొనుచుండెననియు, తిరిగి వచ్చినను ఇక్కడ ఇమడలేడేమో యనియు నెహ్రూకు తోచెను. ఆ రెండవ మాట మొదటిదానికంటె బరువైనది.

1931లో మాస్కోకు తరలెను. రెండేండ్లలో జర్మనీ హిట్లరు చేతిలో పడెను. తిరిగి పోవుటకు ఇక బెర్లిను కూడ లేదు. ఆ 1933లోనే ఫ్రాంక్‌ఫర్టు ఆచార్య పదవినుండి తొలగింపబడిన పాల్ టిల్లిక్ 47వ యేట న్యూయార్కు చేరి ఆంగ్లము నేర్చుకొనవలసి వచ్చెను. 1935లో బాన్ నగరమున పదవి పోగొట్టుకొనిన కార్ల్ బార్త్‌కు పుట్టినూరు బాసెల్ ఉండెను. చటోకు దొరికిన ఆశ్రయము లెనిన్‌గ్రాడు. అక్కడ విజ్ఞాన అకాడమీవారి జాతిశాస్త్ర సంస్థలో భారతీయ విషయములపై పనిచేసెను. ఇరువది యేండ్ల క్రితము హాలెలో మూసిన పుస్తకములు మరల తెరిచినట్లాయెను. బహుశః ఆయన జీవితములో స్థిరమైన బల్ల, దీపము, పని కలిగిన కాలమదే.

అది నిలువలేదు. స్టాలిను కాలపు మహాప్రక్షాళనలో విదేశీయుడగుటయే అనుమానమునకు చాలియుండెను. బెర్లిను పరిచయములు, వచ్చిన భాషలు, ఉత్తర ప్రత్యుత్తరములు, ఒకప్పుడు ఆయనను బ్రతికించినవన్నియు అట్టి కాలమున అపాయకరములే. 1937 జూలైలో ఆయనను బంధించిరి. సెప్టెంబరు 2న చంపిరి. వయస్సు 56. ఏ సామ్రాజ్యమును ఎదిరించి పారిపోయెనో అది ఆయనను పట్టుకొనలేకపోయెను. నమ్మి ఆశ్రయించిన రాజ్యము గుమ్మములోనే పట్టుకొనెను.

పదేండ్లకు భారతదేశము స్వతంత్రమాయెను. సరోజినీదేవి సంయుక్త రాష్ట్రములకు గవర్నరయ్యెను. మొదటి లోక్‌సభ ఎన్నికలలో, కడగొట్టు తమ్ముడైన కవి హరీంద్రనాథ్ విజయవాడనుండి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచెను. తెలుగు ఓటర్లు ఆ యింటివానిని అట్లు ఢిల్లీకి పంపిరి. 1902లో ఓడయెక్కిన అన్న మాత్రము హైదరాబాదును మరల చూడలేదు.