జాన్ బ్రౌనింగ్ – బెల్జియం పొత్తు

సావనీర్‌కి తుపాకుల మీద వ్యాసమేమిటని మా హాస్టల్లో కొందరు నవ్వారు. నేను రాస్తున్నది తుపాకీ గురించి కంటే, దాన్ని తయారుచేసినవాడు తన తెలివిని ఎవరికి, ఏ షరతుల మీద ఇచ్చాడన్న దాన్ని గురించి.

జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి తుపాకులు చేసి, బాగుచేసే కొట్టు నడిపేవాడు. కొడుకు చదువంతా ఆ కొట్లోనే. 1879లో మొదటి పేటెంటు వచ్చింది. 1883లో వించెస్టర్ కంపెనీ పెద్ద ఒకాయన స్వయంగా ఆ ఊరు వచ్చి, 8,000 డాలర్లకు హక్కు కొనుక్కుపోయాడు.

అక్కణ్ణుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అదే వరస. నమూనా ఇవ్వడం, ఒక్కసారిగా డబ్బు పుచ్చుకోవడం, అంతటితో సరి. కొన్నవాటిలో చాలావాటిని ఆ కంపెనీ అసలు తయారే చెయ్యలేదు. పోటీవాళ్ళ చేతికి పోకూడదని అట్టేపెట్టుకుంది! మా నాన్న కల్లంలోనే మిరపకాయలు తూచి ఇచ్చేస్తే, వాటిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆర్నెల్ల తర్వాత రెట్టింపు ధరకు అమ్ముకున్న వ్యాపారి ఒకడున్నాడు. అందుకేనేమో, ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది.

తుపాకీ పేలినప్పుడు వచ్చే గాలికి ఎదుటి గడ్డి ఒరిగిపోవడం 1889లో ఆయన గమనించాడని చెబుతారు. వృథాగా పోయే ఆ శక్తితోనే ఖాళీ తూటాను బయటకు నెట్టి, కొత్తది ఎక్కించవచ్చు గదా అనుకున్నాడు. మనం న్యూటన్ మూడో సూత్రం రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆయన ఆ ఎదురుదెబ్బచేత కూడా పని చేయించాడు.

బెల్జియంలో లియేజ్ పక్కన హెర్స్టాల్‌లో ఎఫ్.ఎన్. అనే కార్ఖానా ఉంది. 1889లో తమ ప్రభుత్వానికి 1,50,000 మౌజర్ తుపాకులు చేసివ్వడానికి పుట్టింది. తర్వాత తుపాకుల పని చాలక సైకిళ్ళలోకి దిగింది. సైకిళ్ళ సంగతులు చూడడానికి 1897లో అమెరికా వచ్చిన దాని ప్రతినిధి, బ్రౌనింగ్ పిస్తోలు చూసి ఒప్పందం చేసుకున్నాడు. ఈసారి ప్రతి పిస్తోలు మీదా రాయల్టీ! అమెరికా మార్కెట్టు కోల్ట్ కంపెనీకి, యూరప్ మార్కెట్టు ఎఫ్.ఎన్.కి.

1902లో కొత్త షాట్‌గన్ మీద కూడా ఆయన రాయల్టీ అడిగాడు. వించెస్టర్ ఒప్పుకోలేదు. రెమింగ్టన్ అధ్యక్షుణ్ణి కలవడానికి వెళ్ళి ఆఫీసులో కూర్చుంటే, ఆయన గుండెపోటుతో పోయాడన్న కబురొచ్చింది. దాంతో బ్రౌనింగ్ ఓడెక్కి నేరుగా బెల్జియం వెళ్ళాడు. తర్వాత దిగుమతి సుంకం అడ్డం వచ్చి, అమెరికాలో ఆ తుపాకీ చేసే హక్కు 1905 నుంచి రెమింగ్టన్‌కే ఇవ్వాల్సొచ్చింది.

1914లో ఎఫ్.ఎన్. పది లక్షల పిస్తోళ్ళ పండగ చేసుకుంది. బెల్జియం రాజు ఆయన్ని గౌరవించాడు. ఆ ఏడాదే జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన పిస్తోలు కూడా ఆ కార్ఖానాదే. రెండు నెలలు తిరక్కుండానే జర్మన్ సైన్యం లియేజ్‌ని ఆక్రమించింది. నాకు ఆయన మీదున్న ఇష్టం ఇక్కడ కాస్త తడబడుతుంది.

యుద్ధంలో అమెరికా ప్రభుత్వానికి మెషిన్‌గన్ల హక్కులను ఆయన 7,50,000 డాలర్లకే ఇచ్చేశాడు. రాయల్టీ పట్టుబడితే ఎన్నోరెట్లు వచ్చేది. రాయల్టీ కోసం కంపెనీనే వదిలేసిన మనిషి దేశానికి మాత్రం టోకున ఇచ్చాడు!

1926 నవంబరు 26న హెర్స్టాల్ కార్ఖానాలోనే గుండె ఆగి చనిపోయాడు. సగంలో ఉన్న పిస్తోలును అక్కడి ఇంజనీరు సైవ్ పూర్తిచేస్తే 1935లో బయటికొచ్చింది. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సైన్యానికి చేసిన 9 మి.మీ. పిస్తోలు దాని సంతతే.