పత్తి చేను నుంచి ప్రపంచ మొదటి ర్యాంకు దాకా: ఆల్థియా గిబ్సన్ జీవితం

మేళ్లచెరువు పేరు చెప్పగానే చాలామందికి సిమెంటు ఫ్యాక్టరీలు, శివరాత్రి జాతర గుర్తొస్తాయి. మాకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. పత్తి తీసే కాలంలో ఈ చుట్టుపక్కల మాల, మాదిగ వాడల ఆడవాళ్లు సద్ది కట్టుకొని పొద్దున్నే కూలికి బయల్దేరుతారు. సెలవు రోజయితే బడికి పోయే ఆడపిల్లలూ వాళ్ల వెంట నడుస్తారు. ఆ పిల్లల్లో ఎవరి కాళ్లలో ఎంత వేగం ఉందో, ఎవరి భుజంలో ఎంత బలం ఉందో కొలిచినవాళ్లు లేరు.

ఈ వ్యాసం మహిళల టెన్నిస్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు గురించి. టెన్నిస్ ఎక్కడ, మన వాడ ఎక్కడ అని మీరు అడగొచ్చు. కానీ ఆ ర్యాంకు అందుకున్న తొలి నల్లజాతి మహిళ పత్తి చేల మధ్యే పుట్టింది. ఆమె పేరు ఆల్థియా గిబ్సన్. గెలవడానికి ముందు ఆమె కొట్లాడాల్సి వచ్చింది ఆడనివ్వడం కోసం. అందుకే ఆమె కథ మన కథకు దగ్గరగా ఉంటుంది.

పాలుకు చేసే కుటుంబం

ఆల్థియా 1927 ఆగస్టు 25న అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, క్లారెండన్ కౌంటీలో సిల్వర్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తల్లిదండ్రులు డేనియల్, ఆనీ. భూమి దొరది, చాకిరీ వీళ్లది. పండిన పత్తిలో పాలు తీసుకొని బతికే కుటుంబం. బానిసత్వం చట్టంలో రద్దయినా, పాలు వ్యవసాయం, అప్పులు నల్లవాళ్లను ఆ చేలకే కట్టేసి ఉంచిన కాలమది. నల్లపిల్లల చదువులో వివక్ష మీద ఇదే క్లారెండన్ కౌంటీ తల్లిదండ్రులు వేసిన కేసు తర్వాత బ్రౌన్ కేసులో కలిసింది. బడుల్లో వేరు పెట్టడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసులోనే తీర్పు ఇచ్చింది.

1930 ప్రాంతంలో గిబ్సన్ కుటుంబం బతుకుదెరువు కోసం న్యూయార్క్‌లోని హార్లెంకు వలస వెళ్లింది. మన పాలమూరు, నల్లగొండ కూలీలు బొంబాయికి, హైదరాబాదుకు పోయినట్టే. హార్లెంకు ఆనుకునే కొలంబియా విశ్వవిద్యాలయం ఉంటుంది. 1913 నుంచి 1916 వరకు బాబాసాహెబ్ అంబేద్కర్ చదివింది అక్కడే. నల్లవాళ్లను జాతీయ టెన్నిస్ సంఘం రానివ్వడం లేదని, వాళ్లు తమ సొంత సంఘం అమెరికన్ టెన్నిస్ అసోసియేషన్‌ను పెట్టుకున్నది కూడా 1916లోనే.

హార్లెంలో ఆల్థియా బడి ఎగ్గొట్టి వీధుల్లో తిరిగే పిల్ల. తండ్రి చెయ్యి చేసుకునేవాడు. ఇంట్లో ఉండలేక కొంతకాలం పిల్లల ఆశ్రయ గృహంలోనూ గడిపింది. వాళ్లుండే వీధిని పగటిపూట బండ్లు రాకుండా మూసి పిల్లలకు ఆటస్థలంగా ఇచ్చేవారు. అక్కడ చెక్క బ్యాటుతో ఆడే పాడిల్ టెన్నిస్ ఆమె చేతికి వచ్చింది. 1939లో, పన్నెండేళ్లకే, న్యూయార్క్ నగర మహిళల పాడిల్ టెన్నిస్ విజేత అయ్యింది.

ఆ తర్వాత జరిగిన సంగతి చాలా ముఖ్యం. బడ్డీ వాకర్ అనే సంగీతకారుడు ఆమె ఆట చూసి రాకెట్ ఇప్పించాడు. ఇరుగుపొరుగు వాళ్లు చందాలు వేసుకొని కాస్మొపాలిటన్ టెన్నిస్ క్లబ్బులో సభ్యత్వం కట్టారు. అది నల్లవాళ్ల క్లబ్బు. ఒంటిచేతి కోచ్ ఫ్రెడ్ జాన్సన్ అక్కడ ఆట నేర్పాడు. ప్రభుత్వం, క్రీడా సంఘం పట్టించుకోని పిల్లను ఆమె వాడే నిలబెట్టింది.

సొంత టోర్నీలో రాణి, బయట సున్నా

ఆల్థియా 1944, 1945లలో నల్లవాళ్ల సంఘం బాలికల టైటిల్ గెలిచింది. 1946లో మహిళల ఫైనల్లో ఓడింది. ఆ ఓటమిలోనే హ్యూబర్ట్ ఈటన్, వాల్టర్ జాన్సన్ అనే ఇద్దరు నల్లజాతి డాక్టర్లు ఆమె సత్తా చూశారు. విల్మింగ్టన్‌లో ఈటన్ ఇంట్లో ఉండి మధ్యలో ఆపేసిన చదువు చదవడం, ఎండాకాలం లించ్‌బర్గ్‌లో జాన్సన్ దగ్గర ఆట సాధన చేయడం ఏర్పాటు. బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ కూడా వెళ్లమనే ప్రోత్సహించాడు. 1947 నుంచి 1956 దాకా వరుసగా పదేళ్లు ఆ సంఘం మహిళల టైటిల్ ఆమెదే.

అయితే ఆ గెలుపులేవీ దేశం లెక్కలోకి రాలేదు. తెల్లవాళ్ల జాతీయ టోర్నీలో ఆడాలంటే ముందు కొన్ని టోర్నీల్లో ఆడి పేరు తెచ్చుకోవాలి. ఆ టోర్నీలు జరిగేది నల్లవాళ్లకు ప్రవేశం లేని క్లబ్బుల్లో. నల్లవాళ్లు రాకూడదని రూల్సులో రాసుకోనక్కర్లేకుండానే ఆమెను బయట ఉంచగలిగారు. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. గుళ్లోకి రావద్దని బోర్డు లేకుండానే ఆపడం, ఉద్యోగానికి అనుభవం కావాలని అడిగి ఆ అనుభవం దొరికే చోటికి రానివ్వకపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

1950లో ఆలిస్ మార్బుల్ అనే తెల్లజాతి మాజీ చాంపియన్ ఒక టెన్నిస్ పత్రికలో తన సాటి తెల్లవాళ్లనే గట్టిగా నిలదీసింది. నల్లజాతి సంఘం ఎన్నాళ్లుగానో చేస్తున్న ప్రయత్నానికి ఆ వ్యాసం తోడైంది. ఆ ఏడాది ఆగస్టులో ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన అమెరికా జాతీయ పోటీల్లోకి ఆల్థియా అడుగు పెట్టింది. రెండో రౌండ్‌లో వింబుల్డన్ విజేత లూయిస్ బ్రౌ మీద మూడో సెట్‌లో 7-6తో ముందున్నప్పుడు గాలివాన వచ్చి ఆట ఆగింది. మర్నాడు 9-7తో ఓడిపోయింది. 1951లో వింబుల్డన్‌లో ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి కూడా ఆమే.

అయినా దారి తేలిక కాలేదు. 1953లో ఫ్లోరిడా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేసి, మిస్సోరిలోని లింకన్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య నేర్పే ఉద్యోగంలో చేరింది. ఆట వదిలేసి సైన్యంలో చేరిపోదామని కూడా ఆలోచించింది.

చూపించుకోవడానికి ఒక్కరు

1955 ఆగస్టులో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్ల కుర్రాడిని తెల్లవాళ్లు చంపేశారు. అమెరికా ప్రపంచం ముందు తలదించుకోవాల్సి వచ్చింది. ఆ నెలల్లోనే అమెరికా ప్రభుత్వం ఆల్థియాను సుహృద్భావ పర్యటనకు ఆసియాకు పంపింది. బర్మా, సిలోన్, పాకిస్తాన్, థాయిలాండ్‌లతో పాటు మన దేశంలోనూ ఆమె ఆడింది. ఇంట్లో హోటల్ గది ఇవ్వని దేశం, బయట మాత్రం ఆమెను తన సమానత్వానికి సాక్ష్యంగా చూపించుకుంది. ఒక్క దళిత కలెక్టర్‌నో, మంత్రినో చూపించి ఇంకెక్కడుంది కులం అని అడిగేవాళ్ల తర్కమూ ఇదే.

ఆ పర్యటన ప్రభుత్వానికి ఏమిచ్చినా, ఆల్థియాకు కావాల్సినన్ని మ్యాచులు ఇచ్చింది. 1956లో పారిస్‌లో ఏంజెలా మార్టిమర్‌ను 6-0, 12-10తో ఓడించి ఫ్రెంచ్ టైటిల్ గెలిచింది. గ్రాండ్ స్లామ్ గెలిచిన మొదటి నల్లజాతి మనిషి ఆమే, ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ. అదే ఏడాది అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు.

పారిస్‌లోనూ వింబుల్డన్‌లోనూ ఆమె డబుల్స్ జోడీ ఏంజెలా బక్స్‌టన్, ఇంగ్లండ్ యూదు అమ్మాయి. యూదు అయినందుకు క్లబ్బుల్లో ఆమెకూ చేదు అనుభవాలున్నాయి. వెలికి గురైన ఇద్దరు జతకట్టి ఆ ఏడాది రెండు చోట్లా డబుల్స్ టైటిల్ తీసుకున్నారు.

1957లో వింబుల్డన్ ఫైనల్లో డార్లీన్ హార్డ్‌ను 6-3, 6-2తో ఓడించి, రాణి ఎలిజబెత్ చేతుల మీదుగా ఆల్థియా ట్రోఫీ తీసుకుంది. న్యూయార్క్ నగరం ఊరేగింపుతో స్వాగతం పలికింది. కొద్ది రోజులకే చికాగో దగ్గర పోటీలకు పోతే అక్కడి హోటల్ ఆమెకు గది ఇవ్వలేదు. ఆ ఏడాది అమెరికా టైటిల్ కూడా గెలిచింది. 1958లో వింబుల్డన్, అమెరికా టైటిళ్లు రెండూ మళ్లీ ఆమెవే. 1957, 1958 రెండేళ్లూ ప్రపంచంలో మొదటి స్థానం ఆమెది. మొత్తం గ్రాండ్ స్లామ్ టైటిళ్లు 11: సింగిల్స్ 5, డబుల్స్ 5, మిక్స్‌డ్ 1.

ర్యాంకు ఎవరు రాస్తారు?

ఇప్పటి ర్యాంకు కంప్యూటర్ లెక్క. గత 52 వారాల్లో ఆడిన టోర్నీల నుంచి పాయింట్లు కలుపుతారు. గ్రాండ్ స్లామ్ గెలిస్తే 2000 పాయింట్లు. మహిళలకు ఈ లెక్క 1975 నవంబర్ 3న మొదలైంది. అంతకుముందు ఏడాది చివర పేరున్న టెన్నిస్ విలేకరులు జాబితా రాసేవారు. ఆల్థియా మొదటి ర్యాంకు అలా వచ్చిందే. అందుకే కంప్యూటర్ కాలం జాబితాలో ఆమె పేరు కనిపించదు. ఆ జాబితాలో మొదటి స్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళగా 2002లో వీనస్ విలియమ్స్ పేరు వస్తుంది.

కంప్యూటర్ కూడా అన్నీ సరిగా లెక్కపెడుతుందని కాదు. ఆస్ట్రేలియా ఆదివాసీ క్రీడాకారిణి ఇవాన్ గూలగాంగ్ 1976లో రెండు వారాలు మొదటి స్థానంలో ఉంది. రికార్డుల్లో లోపం వల్ల ఆ సంగతి బయటపడలేదు. 31 ఏళ్ల తర్వాత, 2007లో గానీ సంఘం దాన్ని ఒప్పుకోలేదు.

మన హైదరాబాదు నుంచి సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా, 2015 ఏప్రిల్‌లో డబుల్స్ మొదటి ర్యాంకు దాకా వెళ్లింది. ఒక ముస్లిం అమ్మాయిగా ఆమె ఎన్నో మాటలు పడి సాధించింది అది. కానీ పాయింటు రావాలంటే టోర్నీ ఆడాలి. టోర్నీకి పోవాలంటే కోర్టు, కోచ్, రాకెట్, ప్రయాణ ఖర్చు కావాలి. ఆ ఖర్చు పెట్టలేని ఇంటి పిల్ల ర్యాంకు సున్నా కూడా కాదు, ఆ లెక్కలోనే ఉండదు.

గెలిచిన తర్వాత బతుకు

ఆల్థియా కాలంలో పెద్ద టోర్నీలు అమెచ్యూర్లవి. కప్పు ఇస్తారు, డబ్బు ఇవ్వరు. ఆస్తులున్నవాళ్లకు అది గౌరవం, పత్తి కూలి బిడ్డకు అది ఆకలి. 1958లో ప్రపంచ మొదటి ర్యాంకులో ఉండగానే ఆమె అమెచ్యూర్ ఆట వదిలేసింది. పాటల రికార్డు చేసింది. 1959లో ఒక హాలీవుడ్ సినిమాలో బానిస స్త్రీ వేషం వేసింది, అందులో నల్లవాళ్లను ఎగతాళి చేసేలా రాసిన యాస పలకనని పట్టుబట్టి మార్పించింది. హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ బాస్కెట్‌బాల్ జట్టుతో తిరుగుతూ, వాళ్ల ఆటకు ముందు ప్రదర్శన టెన్నిస్ ఆడింది. 1964లో, 37 ఏళ్ల వయసులో, మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్‌లో చేరిన మొదటి నల్లజాతి మహిళ అయ్యింది. అక్కడ కొన్ని క్లబ్బులు లోపలికి రానివ్వక కారులోనే బట్టలు మార్చుకుంది. పెద్ద టెన్నిస్ టోర్నీల్లో ప్రైజ్ మనీ మొదలైంది 1968లో. అప్పటికి ఆమె వయసు దాటిపోయింది.

ఆమెను దేవతను చేయడం మా ఉద్దేశం కాదు. తాను జాతి ప్రతినిధిని కాదు, ఆటగత్తెను మాత్రమే అన్నట్టు ఉండేది. పోరాటంలో గొంతు కలపడం లేదని అప్పటి నల్లజాతి పత్రికలే ఆమెను విమర్శించాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ ఒక్క మనిషి భుజం మీద మొత్తం జాతి బరువు పెట్టడం కూడా వివక్ష పుట్టించిందే. తెల్ల విజేతను ఎవరూ నీ జాతికి ఏం చేశావని అడగలేదు.

1970లలో న్యూజెర్సీ రాష్ట్ర క్రీడా అధికారిగా పనిచేసింది. తర్వాత పక్షవాతం, పేదరికం, ఒంటరితనం. 1990లలో మందులకు, ఇంటి అద్దెకు డబ్బుల్లేక చనిపోదామనుకుని పాత స్నేహితురాలు ఏంజెలా బక్స్‌టన్‌కు ఫోన్ చేసింది. బక్స్‌టన్ పూనుకోవడంతో టెన్నిస్ లోకం స్పందించి పెద్ద మొత్తం పంపింది. 2003 సెప్టెంబర్ 28న న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో ఆల్థియా కన్నుమూసింది. అమెరికా ఓపెన్ ప్రాంగణంలో ఆమె విగ్రహం పెట్టడానికి 2019 దాకా పట్టింది. 2025లో ఆమె బొమ్మతో పావు డాలర్ నాణెం వచ్చింది. బతికుండగా అద్దెకు డబ్బులేని మనిషి, చనిపోయాక నాణెం మీదికి ఎక్కింది.

మన వాడలో ఎవరున్నారు?

మన దేశంలోనూ ఈ చరిత్ర ఉంది. చమార కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినవాడు. పూణే క్లబ్బులో అతనికి టీ మాత్రం బయట, వేరే పాత్రలో పోసేవారు. మన తెలంగాణలో 2014 మే 25న గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఒకరు ఆదివాసీ, ఒకరు దళితుడు. శిక్షణ, తిండి, ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే మన పిల్లలు ఎంత ఎత్తుకు పోతారో ఆ రోజు తేలిపోయింది.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఆల్థియా కథను పట్టుదల ఉంటే చాలు అనే నీతికథగా చదవొద్దు. ఆమె పట్టుదలకు తోడు హార్లెం వీధి చందాలున్నాయి, సొంతంగా పెట్టుకున్న సంఘం ఉంది, ఇల్లు తెరిచిన డాక్టర్లున్నారు. అవి లేకుంటే ఆమె కూడా లెక్కలోకి రాని పిల్లే. మేళ్లచెరువు లాంటి మండలాల్లో ప్రతి గురుకులానికి మైదానం, కోచ్, పౌష్టికాహారం, టోర్నీలకు ప్రయాణ ఖర్చు కావాలని అడగడం దానం అడగడం కాదు. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక నిధిలో ఆటలకు ఎంత పెట్టారో మీ మండలంలో సమాచార హక్కు కింద అడగండి. వచ్చే సీజన్‌లో పత్తి చేల వైపు నడిచే పిల్లల్లో ఎవరి చేతికి ఏ ఆట వస్తుందో తెలుసుకునే పని అక్కడి నుంచే మొదలవుతుంది.